పసుపు వేసిన ఆమ్లెట్

పెళ్లయి ఆరేళ్లయినా భాగ్యలక్ష్మి మొగుడి పేరు ఒక్కసారీ నోటితో పలకలేదు. దవాఖానలో చీటీ రాసేవాడు అడిగినా, కరెంటు మీటరు చూసేవాడు అడిగినా "మా ఇంటాయన" అనేది. అట్ల కాదమ్మా, పేరు చెప్పాలె అంటే పక్కనున్నవాళ్ల వైపు చూసేది. వాళ్లే చెప్పేవాళ్లు. పానగల్ పక్క పల్లెలో గొర్లు కాసుకునే ఆమె తండ్రి మల్లన్న ఇంట్లో ఆడవాళ్లందరిదీ ఇదే పద్ధతి. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని వాళ్లవ్వ చెప్పింది. భాగ్య ఇంటర్ దాకా చదివింది కాబట్టి ఆయుష్షు సంగతి పెద్దగా నమ్మదు. కానీ ఆ పేరును అట్లా పలకకుండా దాచుకోవడంలో ఒక సుఖం ఉంది. పెట్టెలో మడతపెట్టి దాచుకున్న నారాయణపేట చీర లాంటిది అది.

ఆ చీరను ఇంకెవతో రోజూ ఒంటికి చుట్టుకుని తిరుగుతోందని ఒక పొద్దున తెలిసింది.

ఆ పొద్దున నాగేందర్ టిఫిన్ డబ్బా మరిచిపోయి వెళ్లాడు. రోజూ పొద్దున ఆయన పోయే జిమ్ము ఎక్కువ దూరం లేదు. చౌటుప్పల్ హైవే పక్కన టైల్స్ దుకాణం మీది అంతస్తు. అట్నుంచటే మందుల ఫ్యాక్టరీ షిఫ్టుకు పోతాడు. డబ్బా పట్టుకుని మెట్లెక్కుతుంటే లోపలి నుంచి ఆడగొంతు వినిపించింది.

"నాగేందర్! ఇంకొకటి! ఆగొద్దు నాగేందర్, పైకి, పైకి!"

భాగ్య గుమ్మంలోనే ఆగిపోయింది. మొగుడు బల్ల మీద వెల్లకిలా పడుకుని ఇనుప కడ్డీ ఎత్తుతున్నాడు. నల్ల టీషర్టు వేసుకున్న ఒక పిల్ల ఆయన తల దగ్గర వంగి, కడ్డీ కింద రెండు చేతులూ ఆనించి అరుస్తోంది. అన్న లేదు, గారు లేదు. ఒట్టి నాగేందర్. డబ్బా అక్కడున్న కుర్చీ మీద పెట్టేసి, పలకరించకుండా దిగి వచ్చేసింది. దారంతా ఆ పేరు చెవుల్లో మోగుతూనే ఉంది.

సాయంత్రం మొగుడు ఇంట్లో అడుగుపెట్టీ పెట్టకముందే అడిగేసింది.

"గా పిల్ల నిన్ను పేరు పెట్టి పిలుస్తదా?"

"నిహారికనా? గామె కోచ్ గదనే. అందర్ని గట్లనే పిలుస్తది."

"అన్నా అంటే నోరు వడిపోతదా?"

"బరువు లేపేటప్పుడు అన్నా, తమ్మీ అనుకుంట కూసుంటే కడ్డీ గొంతు మీద వడ్తది." నాగేందర్ నవ్వాడు. భాగ్య నవ్వలేదు.

నాగేందర్‌కు ఈ పిచ్చి పట్టి ఏడాది దాటింది. చిన్నప్పటి నుంచీ బక్క మనిషి. పెళ్లిలో దండ వేస్తుంటే భాగ్య మేనత్తలు "పిల్లగాడు గాలికి వోతడేమో, కొంగుకు కట్టుకో బిడ్డా" అని ఎగతాళి చేశారు. ఫ్యాక్టరీలో తోటివాళ్లూ అదే మాట. ఆ కసితో జిమ్ములో చేరాడు. చలికాలం చివర్లో నల్లగొండలో బాడీ పోటీలు జరుగుతాయట. జిల్లా మూడు ముక్కలైనా పోటీ మాత్రం పాత ఉమ్మడి జిల్లా పేరు మీదే నడుస్తోంది. అందులో నిలబడి మెడల్ తేవాలని ఆయన కోరిక. హయత్‌నగర్ నుంచి బస్సులో వచ్చే నిహారిక తను కూడా ఆడపిల్లల పోటీల్లో గెలిచిందట. ఆయన్ని తయారు చేస్తానని మాటిచ్చింది.

ఆమె సూత్రం ఒక్కటే. కండ పెరగాలి, కొవ్వు పెరగకూడదు. భుజాలు నిండాలి గానీ పొట్ట మీద గళ్లు గళ్లుగా కండ కనబడుతూనే ఉండాలి. ఏం తినాలో, ఏం తినకూడదో రోజూ ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపేది. "నాగేందర్, ఇయ్యాల అన్నం బంద్. నాగేందర్, గుడ్లల్ల పచ్చసొన తీసెయ్యాలె, తెల్లది ఒక్కటే. నూనె చుక్క గుడ వద్దు." భాగ్య వంట చేస్తుంటే పక్క గదిలో ఆ గొంతు మోగేది. ఆ పిల్ల ఇంట్లో లేదన్న మాటే గానీ ఏ గిన్నె పొయ్యి మీదికి ఎక్కాలో ఆమే చెప్తోంది.

అసలు మంట అక్కడ. నాగేందర్ ఇష్టపడి తినే పప్పు, పచ్చిపులుసు, తలకాయ కూర అన్నీ పోయాయి. ఉడకబెట్టిన కోడి, ఉడకబెట్టిన కూరగాయలు, తెల్లసొన. ఆరేళ్లుగా తన చేతి ముద్ద కోసం షిఫ్టు నుంచి పరిగెత్తుకొచ్చిన మనిషి ఇప్పుడు కంచం ముందు కూర్చుని, "ఇండ్ల నూనె ఏం వెయ్యలే గదా?" అని అనుమానంగా అడుగుతున్నాడు. నీ మొగుణ్ణి ఎవరైనా ఎత్తుకుపోతే అరిచి పట్టుకోవచ్చు. ఇట్లా కంచంలో నుంచి కొంచెం కొంచెంగా లాక్కుపోతుంటే ఎవరికి చెప్పుకుంటావు?

ఒకరోజు ఆయన ఫోన్ పక్కన పెట్టుకుని గోడకున్న అద్దంలో నడుము తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఫోటో తీసి పంపమందట కోచ్. భాగ్య వాకిట్లో గిన్నెలు తోముతూ అదంతా చూసింది. గిన్నె అడుగు అరిగిపోయేటట్టు తోమింది. అప్పుడే నిర్ణయించుకుంది. పొట్ట వస్తే పోటీ పోతుంది. పోటీ పోతే నిహారిక పోతుంది. నిహారిక పోతే ఈ మనిషి మళ్లీ నా చేతి కూర అడుగుతాడు.

పొట్ట ఎట్లా పెంచాలో మల్లన్న బిడ్డకు ఒకరు నేర్పాలా? బక్రీద్‌కు అమ్మే పొట్టేళ్లను వాళ్ల బాపు ఎట్లా మేపుతాడో చిన్నప్పటి నుంచీ చూసింది. మక్కలు, నూనె తీసిన పల్లిచెక్క, బెల్లం కలిపిన తవుడు. బక్కపొట్టేలు సంతకు పోయేసరికి నిగనిగలాడేది. కొనేవాళ్లు తూకం వేసేవాళ్లు కాదు. నడుము మీద, వెన్ను పక్కన వేళ్లు పెట్టి నొక్కేవాళ్లు. వేలు మెత్తగా దిగితే కొవ్వు. బొమిక తగిలితే బక్క. భాగ్యకు పదేళ్లప్పుడే ఆ నొక్కుడు వచ్చేసింది. కళ్లు మూసుకుని కూడా ఏ పొట్టేలు ఎంత బలిసిందో చెప్పేది.

మరునాటి నుంచి మేపుడు మొదలైంది.

తెల్లసొన ఆమ్లెట్‌లోకి తీసేసిన పచ్చసొనలు మళ్లీ వచ్చి చేరాయి. ఆమ్లెట్ పచ్చగా కనబడుతుంది కదా, నాగేందర్ అనుమానంగా చూశాడు.

"గింత పచ్చగుందేంది?"

"పసుపు వేసిన. చలికాలం, దగ్గొస్తదని."

"ఔనా," అని తినేశాడు. అంత తేలిగ్గా నమ్ముతాడని భాగ్య అనుకోలేదు. ధైర్యం పెరిగింది. బాపు ఊరి నుంచి పంపిన బర్రె నెయ్యి డబ్బా బియ్యం సంచి వెనకాల ఉంది. ఉడకబెట్టిన కోడి ముక్కల్లో ఒక చెంచా నెయ్యి కలిసింది. వేయించని కూరగాయల్లో పల్లీల పొడి కలిసింది. జావలో వెన్న కరిగింది. ఎక్కువ వేస్తే దొరికిపోతానని కొంచెం కొంచెంగా, ఒక్కపూటా తప్పకుండా వేసింది. వేసిన ప్రతిసారీ మనసులో అనుకునేది: "తినయ్యా, తిను. బొజ్జ రానీ. నీ కోచ్ అప్పుడేం పిలుస్తదో సూస్త."

ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఆయన వీపుకు నువ్వుల నూనె రాయడం భాగ్య పని. ఇప్పుడు ఆ పనిని ఎప్పుడూ లేనంత శ్రద్ధగా చేసింది. నూనె రాస్తూ రాస్తూ నడుము దగ్గరికి వచ్చి, వెన్ను పక్కన రెండు వేళ్లతో నొక్కేది. మెత్తగా దిగుతుందేమోనని చూసేది.

దిగలేదు. వారం పోయింది, పండుగ పోయింది, దిగలేదు. పైగా నొక్కిన చోట కండ వేలిని ఎదురుతన్నింది. ఆ వీపు రోజురోజుకీ వెడల్పవుతోంది. అంగీ భుజాల దగ్గర పట్టేస్తోంది, నడుము దగ్గర మాత్రం ఎప్పటిలాగే వదులుగా ఉంది. ఒకరోజు నాగేందర్ ఇంటికి ఎగురుకుంటూ వచ్చాడు.

"నాలుగు నెలల సంది ఆగిపోయిన బరువు పెరిగిందే భాగ్యా! అంతా కండనేనట. కొవ్వు అంగుళం గుడ పెరగలేదట. నిహారిక పరేషాన్ అయింది. నా డైట్ గింత మంచిగ పని చేస్తదనుకోలే అన్నది."

నా డైట్ అట. భాగ్య వంటింట్లోకి వెళ్లి నెయ్యి డబ్బా వైపు చూసింది. సగానికి దిగింది. ఆ సగం ఎటు పోయిందో అర్థం కాక వాళ్ల బాపుకు ఫోన్ చేసింది.

"బాపూ, ఒక మాట అడుగుత. పొట్టేలుకు ఎంత దాణా పెట్టినా కొవ్వు వడ్తలేదు. ఎందుకు?"

అవతల గొర్ల అరుపుల మధ్య మల్లన్న గొంతు సవరించుకున్నాడు. "కట్టేసి మేపుతున్నవా, ఇడిసిపెట్టినవా?"

"ఇడిసే ఉన్నది. పొద్దుగాల్ల పోతది. పెద్ద పెద్ద బరువులు లేప... తలతోని గోడలు గుద్దుతది. అటెన్కనే పనికి... మేతకు పోతది."

"ఓ పిచ్చిదానా! ఒక దిక్కు దాణా పెట్టుకుంట, ఇంకో దిక్కు గుట్టలెక్కిస్తే కొవ్వెట్ల వడ్తదే? తిన్నదంతా కండ వడ్తది. నేను బక్రీద్ పొట్టేళ్లను కొట్టంల కట్టేస్తనా లేదా? కొవ్వు కావాల్నంటే కట్టెయ్యాలె."

"కట్టేద్దామంటే ఆగుతలేదు బాపూ." భాగ్యకు ఏడుపొచ్చింది.

"అయితే మంచి పొట్టేలే. అమ్ముకోకు," అన్నాడు మల్లన్న. అంతలోనే అనుమానమొచ్చి, "అవునే, కిరాయి ఇంట్ల పొట్టేలును యాడ పెట్టినవ్?" అని అడిగాడు. భాగ్య ఫోన్ పెట్టేసింది.

అంటే ఏమిటి? ఆ నిహారిక ఎండబెడితే ఆగిపోయిన మనిషిని పెంచింది తనన్నమాట. తన నెయ్యి, తన పచ్చసొనలు. పొట్ట పెంచబోయి భుజాలు పెంచింది. పేరేమో ఆ పిల్లకు వచ్చింది. ఇంతకంటే కడుపుమంట ఇంకేముంటుంది? ఎవరికైనా చెప్పుకుందామా అంటే, చెప్పగానే మొదటి ప్రశ్న "నువ్వెందుకు వేసినవ్?" అని వస్తుంది.

సరే, నీ డైట్ ఏదో నువ్వే చేసి చూపించు తల్లీ, అనుకుంది. నెయ్యి డబ్బా మూత బిగించి అటక మీదికి ఎక్కించింది. మరునాడు నాగేందర్ కంచంలో కాగితంలా తెల్లని ఆమ్లెట్ పడింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇయ్యాల పసుపు వెయ్యలేదా?"

"పసుపు అయిపోయింది."

నాగేందర్ తిని వెళ్లాడు. ఆ మరునాడూ అదే అడిగాడు. "పసుపు తేనా, దుకాణం కెళ్లి?" అవసరం లేదంది. మూడో రోజు అడగలేదు. వారం తిరిగేసరికి మనిషి వాడిపోయాడు. పోటీ దగ్గర పడుతోందని ఆ కోచ్ జిమ్ములో బరువులు పెంచింది, ఫోన్లో తిండి ఇంకా తగ్గించింది. సాయంత్రం షిఫ్టు నుంచి వచ్చి చెప్పులు విప్పబోయి గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. కళ్లు తిరిగాయట. నూనె రాస్తూ భాగ్య అలవాటుగా వెన్ను పక్కన నొక్కింది. వేలు బొమికకు తగిలినట్టయింది.

ఆ తగలడం ఆమె గుండెకు తగిలింది. నిహారిక మీద పంతానికి మొగుణ్ణి ఎండబెడుతున్నాను, ఇదేం బతుకు అనుకుంది. కానీ మళ్లీ వేస్తే గెలిచేది ఎవరు? ఆ పిల్లే. వెయ్యకపోతే ఓడేది ఎవరు? ఈయన. నూనె గిన్నె పక్కకు జరిపింది. నాగేందర్ అటు తిరిగి పడుకుని, "ఓడిపోయినా ఏం కాదులే," అన్నాడు. ఆ గొంతు వింటే ఏమైనా అయ్యేట్టే ఉంది.

పొద్దున అటక మీంచి డబ్బా దిగింది. ఆమ్లెట్ పచ్చగా పడింది. నాగేందర్ దాన్ని చూసి, తలెత్తి భాగ్యను చూసి, "పసుపు దొరికినట్టుంది," అన్నాడు.

"ఆ. దొరికింది. తిను."

నల్లగొండలో పోటీ ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. చిన్న చడ్డీలు వేసుకుని, ఒళ్లంతా గోధుమరంగు పూసుకుని పదుల కొద్దీ మగవాళ్లు తెరల వెనక తిరుగుతున్నారు. కండలన్నీ లైట్లలో కనబడాలని ఆ రంగు. భాగ్య లోపలికి వెళ్లేసరికి నిహారిక ఒక చేతిలో రంగు డబ్బా, ఇంకో చేతిలో స్పాంజి పట్టుకుని నాగేందర్ వీపు వెనక నిలబడి ఉంది.

"ఇటియ్యి," అంది భాగ్య.

"అక్కా, చీరకు అంటుతది. నేను పూస్తలే."

"అంటనీ. ఇటియ్యి."

నిహారిక ఆశ్చర్యంగా స్పాంజి ఇచ్చేసింది. భాగ్య స్పాంజి పక్కన పడేసి, ఒట్టి చేత్తోనే పూసింది. ఆ వీపులో ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం ఆమెకు తెలుసు. నడుము దగ్గర మాత్రం అలవాటుగా రెండు వేళ్లు ఆగాయి. ఈసారి కండ వేలిని ఎదురుతన్నింది.

"మంచిగ పూసినవ్ అక్కా," అంది నిహారిక. "నువ్వు వండి పెట్టకపోతే నాగేందర్ గింత దూరం వస్తుండెనా." నవ్వుతూ అంది. మంచి పిల్లే. అదే భాగ్యకు ఇంకా మంట. తిట్టుకోవడానికి ఏదో ఒక వంక అయినా ఇవ్వొచ్చు కదా ఈ పిల్ల.

నాగేందర్ తన బరువు తరగతిలో మొదటి మెడల్ గెలిచాడు. జడ్జీలు వీపు చూపించమన్నప్పుడు హాలంతా ఈలలు మోగాయి. పక్కన కూర్చున్న ఆయన "ఏం వీపయ్యా అది!" అన్నాడు. "నాది," అందామనిపించింది భాగ్యకు. మెడల్ వేశాక మైకు ఇచ్చారు. నాగేందర్ మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నా డైట్ అంతా చూసుకున్న కోచ్ నిహారిక గారికి థాంక్స్," అన్నాడు.

చప్పట్లు మోగాయి. భాగ్య చేతులు కదల్లేదు. రంగు పూసిన అరచేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. ఆ థాంక్స్‌లో తన పేరు లేదు. వద్దు, పేరు వద్దు. మా ఆవిడ అన్న ఒక్క మాట కూడా లేదు. చౌటుప్పల్ దాకా బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. మెడల్ పట్టుకొమ్మని నాగేందర్ ఇస్తే, "చేతులు గలీజున్నయ్," అంది.

మరునాడు సెలవు. పొద్దున్నే ఆ గొంతు మళ్లీ మోగింది. "కంగ్రాట్స్ నాగేందర్! పోటీ అయిపోయింది. ఇగ కొన్ని దినాలు ఫికర్ లేదు. అన్నం తిను, పచ్చసొన తిను, నెయ్యి గుడ వేసుకో!"

నాగేందర్ కంచం ముందు కూర్చుని చేతులు రుద్దుకున్నాడు. చాన్నాళ్ల తర్వాత భాగ్య పప్పు వండింది. పొగలు కక్కుతున్న అన్నం పెట్టింది.

"నెయ్యి వెయ్యవే. నిహారిక వేసుకోమన్నది."

భాగ్య చెయ్యి ఆగిపోయింది. ఇన్ని నెలలు ఎవరి కంటా పడకుండా చెంచా చెంచాగా పోసిన నెయ్యిని, ఇప్పుడు ఆ పిల్ల చెప్పిందని పోయాలా?

"నెయ్యి లేదు."

"బియ్యం సంచి ఎన్క డబ్బ ఉంటది చూడు."

భాగ్య గిరుక్కున తిరిగింది. ఆ డబ్బా అక్కడుంటుందని ఈయనకు ఎవరు చెప్పారు?

"మీ బాపు నెయ్యి వాసన నాకు తెల్వదా?" నాగేందర్ అన్నం కెలుకుతూ నవ్వాడు. "మొదటి దినమే తెలిసింది. పసుపు వేస్తే ఆమ్లెట్‌కు గంత రుచి వస్తదా?"

"తెలిసి ఎందుకు తిన్నవ్?"

"నువ్వు పెడ్తున్నవని తిన్న. చాన దినాలకు అన్నం తిన్నట్టయింది. మొదట్ల భయమైంది గని, బరువు పెరిగేసరికి నోరు మూసుకున్న."

"మరి గామెకు చెప్పలేదా?"

"చెప్తే బంద్ చేయిస్తుండె. దినాం ఫోన్ల, పచ్చసొన ముట్టలే, నూనె ముట్టలే అని అబద్ధం చెప్పుకుంటనే ఉన్న."

"మైకు పట్టుకున్నప్పుడు?"

"గక్కడ నీ పేరు తీస్తే దొంగతనం బయట వడదా?"

భాగ్య కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఇన్నాళ్లూ తను ఒక్కతే దొంగ అనుకుంది. ఈ మనిషి రోజూ ఆ పిల్లకు అబద్ధం చెప్పి మరీ తన చేతి నెయ్యి తిన్నాడు. కడుపులో మంట చల్లబడాలి కదా? సగం చల్లబడింది. మిగతా సగం అట్లాగే ఉంది. ఎందుకంటే కంచం పక్కన ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది.

డబ్బా తెచ్చింది. అన్నం నడుమ గుంట చేసి, చెంచాతో కాదు, గరిటెతో నెయ్యి పోసింది. నాగేందర్ ముద్ద కలిపి నోట్లో పెట్టుకోబోయాడు. భాగ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"గామె ఫోన్ చేసి, నెయ్యి వేసుకున్నవా అని అడిగితే ఏం చెప్తవ్?"

"ఇప్పుడు వేసుకోమని గామెనే చెప్పింది గదా. వేసుకున్న అని చెప్త."

"వద్దు," అంది భాగ్య. "వేసుకోలేదని చెప్పు, నాగేందర్."